మూడో షిఫ్టు గుర్రం

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం పటాన్‌చెరు దగ్గర నేనెక్కిన ఆటో ఆగిపోయింది. ముందు ఎవరిదో పెళ్లి ఊరేగింపు. బ్యాండువాళ్లు సగం రోడ్డు ఆక్రమించి వాయిస్తున్నారు. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పెళ్లికొడుకు ఎక్కాల్సిన తెల్ల గుర్రం నిలబడి ఉంది. ఎండకు మెత్తబడ్డ తారు వాసనలో దాని చెమట వాసన, తడిసిన తోలు జీను వాసన కలిసి గుప్పుమన్నాయి. నేనేం చేస్తున్నానో నాకే తెలియకుండా ఆటో దిగి, దాని మెడ మీద, భుజం మీద, పొట్ట పక్కన వరసగా చెయ్యి పెట్టి చూశాను. అంతటా తడిగానే ఉంది. మనసు కుదుటపడింది. పగ్గం పట్టుకున్న మనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఏం గావాలెనమ్మా?" అన్నాడు. చెమట సరిగ్గా పడుతోందా అని చూశానన్నాను. యాభై దాటిన ఆడమనిషి నడిరోడ్డు మీద పరాయి గుర్రాన్ని తడిమి, దానికి చెమట పట్టిందని సంతోషిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఆయనా అదే అనుకుని ఉంటాడు. గుర్రాన్ని రెండడుగులు అవతలికి జరిపాడు.

ఇది నాకు నర్సింలు అంటించిన జబ్బు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు ఎప్పుడూ పేపర్లో పడలేదు. పడ్డది ఆయన చూసుకున్న గుర్రం పేరు, అదీ చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో. కానీ ఇవాళ నేను ఏదైనా వస్తువును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నానంటే, ఇది ఇట్లా ఎందుకుంది అని పక్కవాళ్లను విసిగిస్తున్నానంటే, ఆ తప్పు ఆయనదే.

తొంభైల చివర్లో కాజీపల్లిలో, మందులకు కావలసిన ముడి రసాయనాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నాకు మొదటి ఉద్యోగం. సంగారెడ్డిలో మా నాన్నకు పప్పుల అంగడి ఉండేది. బీఎస్సీ చదివిన కూతురు అంగట్లో కూర్చోనంటే సరేనన్నాడు గానీ, సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు దిగి రాగానే అంగట్లోంచి నడవనిచ్చేవాడు కాదు. నా ఒంటి వాసనకు కందిపప్పు పాడవుతుందట. ల్యాబులో అందరికంటే చిన్నదాన్ని కనుక ఎవరికీ ఇష్టం లేని పని నా నెత్తిన పడింది. అది బాయిలర్ నీళ్ల పరీక్ష. రోజూ పొద్దున ఒక సీసాలో బాయిలర్ నీళ్లు వచ్చేవి. వాటిలో సున్నం ఎంతుందో చూసి కాగితం మీద రాసి పంపాలి. సున్నం ఎక్కువైతే లోపలి గొట్టాలకు పెచ్చు కడుతుంది, గొట్టాలు కాలిపోతాయి. పరీక్షలో కష్టమేమీ లేదు. నీళ్లలో రంగు కలిపి, పైనుంచి చుక్కచుక్కగా మందు వదులుతూ, ఎరుపు నీలంగా మారేదాకా చూడటమే. రెండు నెలలు చూశాను. రోజూ దాదాపు ఒకటే అంకె. మూడో నెలలో చూడటం మానేసి నిన్నటి అంకెనే ఇవాళా రాయడం మొదలుపెట్టాను.

నర్సింలు ఆ బాయిలర్‌ను నడిపే ఆపరేటరు. బొంతపల్లి మనిషి, యాభైకి దగ్గర పడ్డవాడు. ఇంట్లో ఎడ్లు, కొద్దిగా పొలం. ఒకరోజు ఖాళీ సీసాలు తీసుకుపోవడానికి ల్యాబుకు వచ్చాడు. కిటికీలో ఆ పొద్దుటి సీసా ఉంది, ఆయన బిగించిన మూత బిగించినట్టే ఉంది. జేబులోంచి నేను పంపిన కాగితం తీసి దాని పక్కన పెట్టాడు. పక్క గదిలో మా పెద్ద కెమిస్టు ఉన్నాడు. అందుకని గొంతు తగ్గించి అడిగాడు: "సరళమ్మా, ఇది సూసి రాసినవా, అనుకోని రాసినవా?"

ఆయన కోప్పడలేదు. రోజూ ఒకటే అంకె వస్తుంటే నాకు ఏమనిపించిందని అడిగాడు. విసుగు పుట్టిందన్నాను. "నాకైతే పరేషాన్ అయితది బిడ్డా. ఎండకాలం బోరు నీళ్లు ఒక తీరుంటయి, వానలు వడ్డంక ఒక తీరుంటయి. నీ కాయితం మీద మాత్రం మారకుంటె ఎట్ల?" అని సీసా నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు పరీక్ష చేస్తే అసలు అంకె నేను రాసినదానికి రెట్టింపు ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆ తర్వాత నేను అన్నం డబ్బా పట్టుకుని బాయిలర్ హౌసుకు పోవడం అలవాటు చేసుకున్నాను. అక్కడ గంటగంటకూ లాగ్‌బుక్కులో ఆవిరి ఒత్తిడి, నీటి మట్టం రాయాలి. మిగతా ఆపరేటర్లు అంకెలు వేసి ఊరుకునేవాళ్లు. ఈయన పక్కనున్న ఖాళీ జాగాలో "పంపు తాన కొత్త సప్పుడు, పది నిమిషాలు, మల్ల ఆగింది" అని కూడా రాసేవాడు. ఆ చప్పుడు ఎందుకొచ్చిందో తేలేదాకా ఆయనకు బువ్వ సయించేది కాదు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున బస్సు దిగేసరికి గేటుకు తాళం, తాళం పక్కన నోటీసు. ఆర్డర్లు పోయాయని కొందరు, వాటాదారులకు పడటం లేదని కొందరు అన్నారు. ఏది నిజమో ఈ రోజుకీ నాకు తెలియదు. పనివాళ్లంతా గేటుకు ఎదురుగా నిరసన డేరా వేశారు. పొద్దున ఎనిమిదింటికి, డ్యూటీ వేళకే, అదే యూనిఫారం వేసుకుని మనుషులు వచ్చి డేరాలో కూర్చునేవాళ్లు. చుట్టుపక్కల ఇంకో రెండు కంపెనీలు కూడా మూతపడ్డాయి కనుక వేరేచోట పని దొరకడం గగనమైంది. మొదటి నెల నినాదాలు. రెండో నెల పేకముక్కలు. తర్వాత మాటలు కూడా తగ్గాయి. చేతులు ఊరికే ఉంటే మనిషి ఎట్లా కుంగిపోతాడో నేను అక్కడే చూశాను. ఫిట్టరు సత్తయ్య రోజూ జేబులో స్పానరు పెట్టుకొచ్చి, డేరా గుంజకున్న బోల్టును విప్పి మళ్లీ బిగించేవాడు. ఎందుకన్నా అంటే, వదులైతుందేమోనని అనేవాడు.

నర్సింలు బావ ఒకాయన పట్నంలో గుర్రప్పందాల మైదానం పక్కన గుర్రాలను కట్టేసే తబేలాలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాడు. గుర్రాన్ని కడిగి, తోమి, మేపే మనిషిని అక్కడ సాయిస్ అంటారు. జూన్‌లో ఒక సాయిస్ మానేస్తే ఆ చోటులో ఈయన్ను పెట్టించాడు. నర్సింలు వారమంతా అక్కడే ఉండి, సెలవు దొరికే మంగళవారం నాడు డేరాకు వచ్చేవాడు. గేటు తెరిచిననాడు ముందు ముట్టించాల్సింది బాయిలరే కాబట్టి డేరా హాజరులో తన పేరు ఉండి తీరాలని ఆయన పట్టు. నేను కూడా నాన్న గొణుగుడు వింటూనే మంగళవారం నాడు తప్పకుండా వెళ్లేదాన్ని.

మొదటి మంగళవారం ఆయన చెప్పిన కబురు ఇది. కొత్తవాడు కదా అని ఎవరికీ అక్కరలేని ఒక ఆడగుర్రాన్ని ఆయనకు అంటగట్టారు. ఎర్రమట్టి రంగు. మిగతావాటికంటే జానెడు పొట్టి. ఐదు పందాల్లో పరిగెత్తింది, ఐదింటిలోనూ అందరికంటే వెనక వచ్చింది. గుర్రాలను తయారుచేసే ట్రైనరు దానికి బద్ధకమని తేల్చేశాడు. దాని ఇంగ్లీషు పేరు డేరాలో ఎవరికీ నోరు తిరగలేదు. "అందరు వోయినంక తాపీగ వస్తదంటె అది మూడో షిఫ్టుదే" అన్నాడు సత్తయ్య. జనం నవ్వారు. ఆ డేరాలో నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆ పేరే ఖాయమైంది.

నర్సింలు మాత్రం నవ్వలేదు. "బద్ధకమున్నదైతె తబేలాల గూడ బద్ధకంగనే ఉండాలె గద. ఇది పొద్దుగాల నన్ను గుంజుకపోతది. మైదానంల సగం దాక మంచిగ ఉర్కుతది. సగమైనంక దానికి ఏమైతుంది?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న మా డేరాకు పని కల్పించింది. ఎవరి పనిని బట్టి వాళ్లు రోగం కనిపెట్టారు. సత్తయ్య మోకాలి కీలు అరిగిందన్నాడు. ఎలక్ట్రీషియను, మొదలుపెట్టేటప్పుడే ఉన్న బలమంతా లాగేసుకుంటోందన్నాడు. క్యాంటీన్ వంటమనిషి దాణాలో ఉలవలు చాలడం లేదని వాదించాడు. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు మాత్రం, అన్నిసార్లు ఓడిపోతే దానికి మాత్రం మనసు విరగదా అన్నారు. వీటన్నిటినీ నర్సింలు కొట్టిపారేయలేదు. ఒక రెండువందల పేజీల నోటుబుక్కు కొని, బాయిలర్‌కు రాసినట్టే గుర్రానికి లాగ్ రాయడం మొదలుపెట్టాడు. ఏ వేళకు ఎంత తిన్నది, ఎన్ని నీళ్లు తాగింది, పేడ ఎట్లా వేసింది, పరిగెత్తి వచ్చాక ఎన్ని నిమిషాలు రొప్పింది. ఆయన రాత నాకు అలవాటు కనుక మంగళవారం దాన్ని పైకి చదవడం నా పని. వారంలో మిగతా రోజులు ఇంటి దగ్గరే పడుకునే మనుషులు కూడా మంగళవారం డేరాకు వచ్చేవాళ్లు. పేపర్లో పందాల ఫలితాలు వెతికేవాళ్లు. వానాకాలం పందాల్లో అది మరో రెండుసార్లు పరిగెత్తింది, రెండుసార్లూ చివరికే వచ్చింది. అయినా ఎవరూ దాన్ని వదిలిపెట్టలేదు. నాకు ఇప్పుడు అనిపిస్తుంది, గెలిచే గుర్రమైతే వాళ్లు అంతగా పట్టించుకునేవాళ్లు కాదేమో. వాళ్లకు అర్థమయ్యే కష్టం దానిది.

ఆగస్టులో ఒక మంగళవారం లాగ్‌లో కొత్త మాట కనిపించింది: "అన్ని గుర్రాలు తడిసి వచ్చినయి. దీని ఒళ్లు పొడి." మరుసటి రోజూ అదే. ఆ మరుసటి రోజూ అదే. రెండు నెలలకు పైగా మేమంతా కాలు, కడుపు, మనసు అంటూ వెతుకుతున్నాం. చర్మం సంగతి ఎవరికీ తట్టలేదు.

నేను ఊరుకోలేక మరునాడే మొదటి బస్సెక్కి పట్నం వెళ్లాను. మైదానంలో పొద్దుటి పరుగులు అయిపోతున్నాయి. తిరిగి వచ్చే గుర్రాల ఒళ్లు నీళ్లు పోసినట్టు మెరుస్తున్నాయి. వాటి వెనక మూడో షిఫ్టు వచ్చింది. ఒంటి మీద దుమ్ము తప్ప తడి లేదు. ముక్కుపుటాలు పెద్దవి చేసుకుని, పక్కలు ఎగరేస్తూ రొప్పుతోంది. చెయ్యి పెడితే కాలే పెనంలా ఉంది. నర్సింలు జూలు ఎత్తి చూపించాడు. దాని కింద మాత్రం చారెడు తడి. వేడి లోపల పుడుతోంది, బయటికి పోయే దారి లేదు అన్నాడు. తబేలాలో నలభై గుర్రాలు, చివరి గుర్రం ఒళ్లు తడిమి చూసే తీరిక ఎవరికీ లేదు. బాయిలర్ దగ్గర ఇరవై ఏళ్లు వేడి ఎటు పోతుందో చూసిన మనిషికి అది కనిపించింది.

మిగతా సాయిస్‌లు బకెట్లతో గుర్రాలను కడుగుతున్నారు. మీరెందుకు కడగడం లేదని అడిగాను. కాగిన బాయిలర్‌లోకి చల్లనీళ్లు ఎక్కిస్తే పగిలి మనుషులు పోతారు, అది మొదటిరోజు నేర్పే పాఠమన్నాడు. దీనికింత వేడి ఉందని కనిపెట్టిన రోజు నుంచి ఆయన నీళ్లు పోయడం ఆపేశాడు. నీడలో గంటసేపు మెల్లగా నడిపించి, దానంతట అది చల్లారాకే కడుగుతున్నాడు. నాకు అది సబబుగానే తోచింది. వేడి గాజు బీకరు మీద చల్లనీళ్లు పడితే ఏమవుతుందో ల్యాబులో చూసినదాన్ని. తల ఊపి వచ్చేశాను. ఆ తల ఊపుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

వచ్చే మంగళవారం లోపల సంగారెడ్డి పశువుల డాక్టరును కలవాలనుకున్నాను. ఆయన ఏదో క్యాంపులకు వెళ్లి రెండు వారాలు దొరకలేదు. చివరికి ఒక మంగళవారం పొద్దున దొరికాడు. నేను చెప్పింది శ్రద్ధగా విని, మన వేడికీ ఉక్కకూ కొన్ని గుర్రాలకు చెమట పట్టడం ఆగిపోతుందని, అది ఉన్న జబ్బేనని చెప్పాడు. చల్లటి చోట ఉంచాలి, పొద్దు పొడవకముందే పరిగెత్తించాలి, ఉప్పులు ఇవ్వాలి, పరిగెత్తి రాగానే నిలబెట్టి బకెట్ల కొద్దీ చల్లనీళ్లు పోయాలి. వెంటనే పోయకపోతే చచ్చిపోగలదు అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా డేరాకు పోయాను. నర్సింలు అప్పటికే వచ్చి ఉన్నాడు, ముఖం పీక్కుపోయి ఉంది. ఆదివారం పరుగు తర్వాత మూడో షిఫ్టు ముందు మోకాళ్ల మీద కూలబడిందని చెబుతున్నాడు. లేపడానికి అరగంట పట్టిందట. అందరి ముందూ చెప్పాలా, పక్కకు పిలిచి చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించాను. నా దగ్గర ఆయన గొంతు తగ్గించి మాట్లాడిన రోజు గుర్తుంది. కానీ ఆయనే అడిగేశాడు, డాక్టరు ఏమన్నాడని. చెప్పాను.

డేరాలో అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఆయన నోటుబుక్కు తెరిచి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత నా పెన్ను అడిగి తీసుకుని రాశాడు. రాసింది తనే చదివాడు. "పందొమ్మిది దినాలు వేడి మీద నీళ్లు పోయలేదు. తప్పు నాది. గుర్రం బాయిలర్ కాదు." సెలవు రోజు సగం కూడా గడవలేదు, లేచి వెనక్కి బస్సెక్కాడు.

ట్రైనరు తమ డాక్టరును పిలిపించి చూపిస్తే ఆయనా అదే జబ్బన్నాడు. అయితే గుర్రం యజమానికి ఓపిక అయిపోయింది. డిసెంబరు నెల దాటేలోపు ఒక్క పందెమైనా గెలవకపోతే దాన్ని వదిలించుకుంటామని కబురు చేశాడు. వదిలించుకోవడమంటే ఎక్కడికి అని ప్యాకింగ్ లక్ష్మి అడిగితే, నర్సింలు నోటుబుక్కు తెరిచి ఆ వారం అంకెలు చదవమని నా చేతికిచ్చాడు.

ఆ వారం సత్తయ్య డేరా గుంజ బోల్టును ముట్టుకోలేదు. బొల్లారంలో తుక్కు అమ్మేచోట ఒక పాత డ్రమ్ము, కాలిపోయిన మోటారు ఏరుకొచ్చాడు. ఎలక్ట్రీషియను మోటారుకు మళ్లీ తీగ చుట్టాడు. ఆడవాళ్లు వట్టివేళ్లతో తడకలు అల్లారు. డేరా పక్కన నాలుగు రోజుల్లో తలుపంత కూలరు తయారైంది. తబేలాకు తీసుకెళ్లి తిప్పగానే ఆ రొదకు గుర్రం బెదిరి వెనక్కాళ్లతో తడికను తన్నింది. సత్తయ్య ఫ్యాను విప్పుకుని మళ్లీ డేరాకు వచ్చాడు. రెక్కలకు చిన్న చిన్న ఇనుప ముక్కలు అతికిస్తూ, తీస్తూ, బరువు సరిచేస్తూ మూడు రోజులు కూర్చున్నాడు. చుట్టూ పదిమంది ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. చివరికి గాలి వస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. నర్సింలు తల పక్కకు వంచి విని, ఇప్పుడు పెట్టొచ్చన్నాడు. సత్తయ్య ముఖంలో ఆ రోజు వచ్చిన వెలుగు నేను తాళం పడ్డాక చూడనిది.

చలి మొదలైంది. లాగ్‌లో అంకెలు మారసాగాయి. గంటసేపు రొప్పేది నలభై నిమిషాలకు, ఇరవై నిమిషాలకు దిగింది. నవంబరులో ఒక పందెంలో నాలుగోదిగా వచ్చింది. ఆ మంగళవారం డేరాలో చాయ్ మీద చాయ్ నడిచింది.

డిసెంబరు మూడో ఆదివారం మేం ఇరవై మందిమి బస్సులో పట్నం వెళ్లాం. చాలామంది యూనిఫారం వేసుకున్నారు. దాని మీద ఎవరూ పందెం కాయొద్దని నర్సింలు ముందే చెప్పి పెట్టాడు. "కాసినోడు గుర్రాన్ని సూడడు, నంబరు సూస్తడు. మీరు గుర్రాన్ని సూడుండ్రి" అన్నాడు. ఒక్కరూ కాయలేదనే నేను నమ్ముతున్నాను. చౌక టికెట్ల వైపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. ఎనిమిది గుర్రాలు. మొదట మాది ఐదో స్థానంలో ఉంది. సగం దూరం అయింది. ఎప్పుడూ అది వెనకబడే మలుపు దగ్గర పడింది. మా వాళ్లలో ఒక్కరూ అరవలేదు. అది వెనకబడలేదు. అదే వేగంతో వస్తోంది, ముందున్నవే అలసిపోతున్నాయి. ఒకదాన్ని దాటింది. ఇంకొకదాన్ని దాటింది. చివరి వంద గజాల్లో రెండు తలలు పక్కపక్కన వచ్చాయి, గీత దగ్గర ఏది ముందో నాకు తెలియలేదు. బోర్డు మీద నంబరు వేసేదాకా సత్తయ్య నా భుజం వదల్లేదు. పైన మా నంబరే పడింది. నేను ఏడ్చాను. పెద్ద పెద్ద మనుషులు కమ్మీ మీద తల పెట్టి ఏడ్చారు. అవతల నర్సింలు మాత్రం మా వైపు చూడనే లేదు. జీను తీయగానే బకెట్ మీద బకెట్ దాని మెడ మీద, వీపు మీద పోస్తున్నాడు.

గుర్రం గెలిచిందని గేటు తెరుచుకోలేదు. అది ఎన్నడూ తెరుచుకోలేదు. కానీ సత్తయ్య, ఎలక్ట్రీషియను కలిసి చప్పుడు లేని కూలర్లు చేసే షెడ్డు ఒకటి పటాన్‌చెరులో పెట్టారు. డేరాలో మరో ఐదారుగురు అందులో చేరారు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచి పని వెతుక్కోవడానికి వెళ్లారు. మూడో షిఫ్టే గెలిచింది, మనకేమైంది అనుకునేవాళ్లు.

పందెం గెలిచిన తొమ్మిదో రోజు, మంగళవారం నాడు, నర్సింలు వచ్చి లోపలికి రాకుండా డేరా బయటే నిలబడ్డాడు. మూడో షిఫ్టును అమ్మేశారు. ఓడితే పంపేస్తారని భయపడ్డాం గానీ, గెలిస్తే ఎవరో కొనుక్కుపోతారని మాలో ఒక్కరికీ తట్టలేదు. పోయేది చెన్నైకి. సముద్రం పక్కన ఊరు, చలికాలం కూడా ఉక్కే. సాయిస్ వెంట పోయే వీలు లేదు. లారీ శుక్రవారం బయలుదేరుతుంది. లాగ్ మొత్తాన్ని ఇంగ్లీషులో తిరగరాసి ఇమ్మని నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. తెలుగు అక్కడ ఎవరు చదువుతారు?

డేరాలోనే కూర్చుని రాశాను. ఆయన పక్కన కూర్చున్నాడు. ఆ పందొమ్మిది రోజుల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఈ కాగితాలు ముందు ట్రైనరు చూస్తాడు. చూస్తే ఈయనకు ఇంకో గుర్రాన్ని ఇస్తాడా? ఆ సంగతి చెప్పి, "నీళ్లు దొరకలేదని రాద్దాం కాకా" అన్నాను.

"గట్ల రాస్తె అక్కడోనికి ఏం ఎరుకైతది?" అన్నాడు. "దాన్ని పట్టించుకోనోడైతె ఎట్లనో అట్ల ఇన్ని నీళ్లు గుమ్మరిస్తడు, అది బతుకుతది. నా లెక్క పానం పెట్టి సూసుకునేటోడైతెనే కష్టం. వాడు గూడ భయపడి నేను జేసిందే జేస్తడు. ఉన్నది ఉన్నట్టు రాయి బిడ్డా."

రాశాను. తెలుగులో చదివి వినిపించమన్నాడు, వినిపించాను. అప్పుడు పెన్ను తీసుకుని, ఆ ఒక్క పేజీ కింద తన పేరు నిండుగా రాసి, దాని కింద బాయిలర్ ఆపరేటర్ అని కూడబలుక్కుంటూ రాశాడు. ఇప్పుడు సాయిస్ కదా అన్నాను. అట్లా రాస్తేనే తాను ఎందుకు తప్పు చేశాడో వాళ్లకు సమజవుతుందన్నాడు.

ట్రైనరు ఆ పేజీ చూశాడు. నర్సింలుకు ఇంకో గుర్రాన్ని ఇవ్వలేదు. ఆయన ఊరికి తిరిగొచ్చి కొన్నాళ్లు పొలం చేసి, తర్వాత ఇంకో ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర కుదిరాడు. ఆ ఎండాకాలం నేను పొద్దున్నే మా నాన్న కంటే ముందు పేపరు లాక్కుని చెన్నై పందాల ఫలితాలు వెతికేదాన్ని. మొదట్లో ఏమీ కనిపించలేదు. జూలైలో ఒకరోజు ఆ ఇంగ్లీషు పేరు కనిపించింది, మూడో స్థానంలో. తర్వాత ఇంకోసారి, రెండో స్థానంలో. అంటే అక్కడ ఎవరో దాని మీద బకెట్లు పోస్తున్నారు. పేపరు పట్టుకుని బొంతపల్లి బస్సెక్కాను. నర్సింలు ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి, చదవమని మళ్లీ మళ్లీ అడిగాడు.

ఇప్పుడు నేను ఒక పరీక్షల ల్యాబుకు పెద్దను. తప్పు రాసిన అంకె మీద ఒక గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టడం మా పనిలో పద్ధతి. నేను పొట్టి సంతకం పెట్టను. పేరు పూర్తిగా రాసి, ఆ తప్పు ఎందుకు చేశానో కింద ఒక వాక్యం రాస్తాను. తనిఖీకి వచ్చినవాళ్లు ఇదంతా అవసరం లేదంటారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాక్యం రాసేటప్పుడు నా చెయ్యి వెనకాడుతుంది. అయినా రాస్తాను.